నేరో గేజ్ ఆవిరి ఇంజను మీద ఒక రోజు: మొదటిసారి వచ్చే స్వచ్ఛంద సిబ్బందికి

వారసత్వ రైలుమార్గాల్లో ఆవిరి ఇంజను మీద పని నేర్చుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువమంది నిప్పు మీది మమకారంతో వస్తారు. నిప్పు మండే గది అయిన ఫైర్‌బాక్సు తలుపు తెరవగానే ముఖానికి తగిలే సెగ, పారతో బొగ్గు విసరడం, వంపు తిరిగే ముందు కూత వేయడం వారి ఊహలో ముందుగా మెదులుతాయి. అది సహజమే, నేను కూడా అలాగే వెళ్లాను. అయితే మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవలసిన పని నీటి మట్టాన్ని గమనించడం. నిప్పు తగ్గితే రైలు ఆలస్యమవుతుంది. నీరు తగ్గితే బాయిలరు ప్రమాదంలో పడుతుంది. తెల్లవారకముందు షెడ్డులో అడుగుపెట్టినప్పటి నుంచి సాయంత్రం ఇంజనును చల్లార్చి వదిలే వరకు జరిగే పనిని ఇక్కడ వరుసగా చెబుతాను. నీటి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇటువంటి పనిని జీతం లేకుండా, ఇష్టంతో చేసే సంప్రదాయం వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేతో మొదలైంది. పలకరాయిని గనుల నుంచి దించడానికి 1860లలో 686 మిల్లీమీటర్ల గేజితో, అంటే పట్టాల మధ్య అంత దూరంతో, నిర్మించిన ఆ చిన్న మార్గం మూతపడే స్థితికి వచ్చినప్పుడు, దాని మీద అభిమానమున్నవారు 1950లో ఒక సంఘంగా ఏర్పడి, 1951 మే 14న తామే రైళ్లు నడపడం ప్రారంభించారు. స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడి నడిపిన రైలుమార్గాల్లో ప్రపంచంలో మొదటిది అదే. కొద్ది ఏళ్లకే, 1955లో, 597 మిల్లీమీటర్ల గేజి ఉన్న ఫెస్టినియోగ్ మార్గం మీద కూడా అదే విధంగా ప్రయాణికుల రైళ్లు మళ్లీ నడిచాయి. ప్రామాణిక గేజి 1435 మిల్లీమీటర్లు కాగా, ఈ చిన్న మార్గాల్లో ఎక్కువ భాగం 600 నుంచి 760 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటాయి. ఈ తేడా కేవలం కొలతలకు సంబంధించినది కాదు. ఇంజను చిన్నది కావడం వల్ల బాయిలరులో నీరు తక్కువ, నిప్పు పరిచే చోటు తక్కువ, నిలబడే ఫుట్‌ప్లేటు ఇరుకు. పెద్ద ఇంజనులో నింపాదిగా వచ్చే మార్పు ఇక్కడ మనం చూస్తూ ఉండగానే వచ్చేస్తుంది. అందువల్ల చిన్న ఇంజను తేలిక అనుకోవడం పొరపాటు. అది మరింత శ్రద్ధ కోరుతుంది.

వెళ్లేముందు

మొదటి రోజున మిమ్మల్ని ఎవరూ డ్రైవరుగా నిలబెట్టరు, నిప్పును, నీటిని చూసుకునే ఫైర్‌మన్‌గా కూడా నిలబెట్టరు. పాతకాలపు రైల్వేల్లో వలెనే ఇక్కడ కూడా మెట్లు ఉంటాయి. మొదట క్లీనరు, తరువాత ఫైర్‌మన్, చాలా ఏళ్ల తరువాత డ్రైవరు. ప్రతి మెట్టుకూ వైద్య పరీక్ష, నియమావళి మీద పరీక్ష, అనుభవజ్ఞుడి కింద నిర్ణీత సంఖ్యలో డ్యూటీలు ఉంటాయి. మొదటి రోజు మీరు క్లీనరుగా వెళతారు. అవకాశం ఉంటే ఫుట్‌ప్లేటు మీద మూడో మనిషిగా ప్రయాణిస్తారు. డ్రైవరు అనుమతిస్తే నాలుగు పారల బొగ్గు వేసే అవకాశం కూడా రావచ్చు. ఎంత చిన్న పనికైనా చెప్పిన తరువాతే చేయి వేయాలి. పిడి ఏదో తెలియకుండా తిప్పడం కంటే ఏమీ చేయకుండా నిలబడడం ఎన్నో రెట్లు మేలు.

దుస్తుల విషయంలో ఒక్క నియమం ఖచ్చితంగా పాటించాలి: శరీరాన్ని పూర్తిగా కప్పే నూలు బట్టలే వేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ వంటివి నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి, నూలుకు మాత్రం రంధ్రం పడి ఊరుకుంటుంది. లోపల వేసుకునే చొక్కా, మేజోళ్లు కూడా ఇలాంటివే కావాలి. బూట్లకు ముందు భాగంలో ఉక్కు కవచం, కింద జారని అట్ట ఉండాలి. తలకు టోపీ, చేతులకు తోలు తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు అవసరం. ఉంగరం, గడియారం, వేలాడే గొలుసు ఇంటి దగ్గరే వదిలేయాలి. తాగునీరు మీరు అనుకునేదానికి రెట్టింపు తీసుకెళ్లాలి. ముందురోజు రాత్రి మద్యం ముట్టకూడదు, కంటినిండా నిద్రపోవాలి. ఈ డ్యూటీ పది పన్నెండు గంటలు సాగుతుంది; అలసట చేసే తప్పులు ఆఖరి రెండు గంటల్లోనే ఎక్కువగా బయటపడతాయి.

షెడ్డులో మొదటి గంట

చేరగానే హాజరు పుస్తకంలో సంతకం చేసి, ఆ రోజు నోటీసులు చదవాలి. ఎక్కడ పట్టాల పని జరుగుతోందో, ఎక్కడ వేగం తగ్గించాలో వాటిలో ఉంటుంది. తరువాత ఇంజను దగ్గరకు వెళ్లి, దాని మీద 'కదపరాదు' అన్న పలక ఏదైనా వేలాడుతోందేమో చూడాలి. ఆ పలక ఉంటే ఎవరో ఒకరు ఇంజను కిందనో, చక్రాల మధ్యనో పని చేస్తున్నారని అర్థం. దాన్ని వేలాడదీసిన మనిషే తీయాలి, ఇతరులెవరూ తీయకూడదు.

ఆపైన ఫుట్‌ప్లేటు ఎక్కి నాలుగు విషయాలు చూడాలి. చేతిబ్రేకు గట్టిగా బిగించి ఉండాలి, ఇంజను ముందుకు పోవాలో వెనక్కి పోవాలో నిర్ణయించే రివర్సరు మధ్యస్థానంలో ఉండాలి, సిలిండర్లలోకి ఆవిరిని వదిలే రెగ్యులేటరు మూసి ఉండాలి, సిలిండర్లలోని నీటిని బయటకు వదిలే చిన్న కుళాయిలు, అంటే డ్రెయిన్ కాక్‌లు, తెరిచి ఉండాలి. దీనికి కారణం సూటిగానే ఉంది. రెగ్యులేటరు ఎంత బాగా మూసినా కొద్దిగా ఆవిరి కారవచ్చు. ఆ ఆవిరి సిలిండర్లలో పోగుపడితే, ఫుట్‌ప్లేటు మీద ఎవరూ లేని సమయంలో ఇంజను తనంతట తానే కదిలే ప్రమాదం ఉంది. డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంటే అది బయటకు పోతుంది.

ఇప్పుడు నీరు. బాయిలరు వెనుక గోడ మీద నిలువుగా అమర్చిన గాజు గొట్టాన్ని గేజ్ గ్లాసు అంటారు. సాధారణంగా రెండు ఉంటాయి. రెండూ ఒకే మట్టాన్ని చూపించాలి. గ్లాసు పై చివర బాయిలరులోని ఆవిరితో, కింది చివర నీటితో కలుస్తుంది, కనుక లోపల నీరు ఏ ఎత్తులో ఉందో గ్లాసులోనూ అదే ఎత్తులో కనిపిస్తుంది. గ్లాసులో కనిపించే అతి తక్కువ మట్టం కూడా ఫైర్‌బాక్సు పైకప్పు కంటే కొంచెం ఎత్తుగానే ఉండేలా తయారీదారు అమరుస్తాడు. అంటే, చదునైన పట్టాల మీద గ్లాసు అడుగున ఏ కొద్దిగా నీరు కనిపించినా పైకప్పు నీటిలోనే మునిగి ఉందని చెప్పవచ్చు. ఏమీ కనిపించకపోతే మాత్రం నీరు గ్లాసు కంటే పైన ఉందో కింద ఉందో కంటితో తేల్చలేము. నిండిన గ్లాసు, ఖాళీ గ్లాసు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే గ్లాసు వెనుక నల్లటి, తెల్లటి ఏటవాలు చారలున్న పలకను పెడతారు. నీరున్న భాగంలో గాజు గొట్టం కటకంలా పనిచేసి చారల వాలును తిరగేసి చూపిస్తుంది, ఆవిరి ఉన్న భాగంలో చారలు ఉన్నట్టుగానే కనిపిస్తాయి. చారల వాలు ఎక్కడ మారుతుందో అక్కడే నీటి మట్టం ఉంది. ఇంత సులువైన ఉపాయాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

గ్లాసును కంటితో చూసినంత మాత్రాన నమ్మకూడదు. మార్గాల్లో మట్టి, సున్నపు పొర అడ్డుపడితే అది పాత మట్టాన్నే చూపిస్తూ ఉండిపోవచ్చు. కాబట్టి బాయిలరులో పీడనం ఉన్నప్పుడు దాన్ని పరీక్షిస్తారు. అడుగునున్న డ్రెయిన్ కాక్ తెరిస్తే ఆవిరి, నీరు రెండూ గట్టిగా పోవాలి. నీటి కాక్‌ను మూస్తే ఆవిరి ఒక్కటే పోవాలి. దాన్ని తెరిచి ఆవిరి కాక్‌ను మూస్తే నీరు ఒక్కటే పోవాలి. చివరకు రెండూ తెరిచి డ్రెయిన్ మూయగానే నీరు చురుగ్గా పైకి లేచి తన మట్టంలో నిలవాలి. మెల్లగా, నీరసంగా లేస్తే ఎక్కడో అడ్డు ఉంది. ఈ పరీక్షను మీరు చూసి నేర్చుకోవాలి, మొదటి రోజున చేతితో చేయకూడదు. గాజు పగిలితే కాపాడడానికి దాని చుట్టూ మందపాటి అద్దపు కవచం ఉంటుంది. అది లేకుండా ఎవరైనా పరీక్ష చేస్తుంటే దూరంగా జరగాలి.

ఈ మట్టం ఇంత ముఖ్యం కావడానికి కారణం ఫైర్‌బాక్సు నిర్మాణంలో ఉంది. మంట 1,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడితో పైకప్పును కింది నుంచి కాలుస్తూ ఉంటుంది. పైనుంచి నీరు ఆ వేడిని తీసుకుంటూ ఉన్నంతకాలం లోహం క్షేమంగా ఉంటుంది. చదరపు అంగుళానికి 150 పౌన్ల పీడనం దగ్గర నీరు సుమారు 185 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లోహం వేడి కూడా దానికి దగ్గరగానే నిలుస్తుంది. నీరు దిగిపోయి పైకప్పు బయటపడితే లోహం నిమిషాల్లో మెత్తబడి, లోపలి పీడనానికి వంగి, చివరకు చినుగుతుంది. చివరి హెచ్చరికగా పైకప్పులో లెడ్ ప్లగ్గు బిగిస్తారు. నీరు తగ్గగానే దానిలోని మెత్తని లోహం కరిగి, ఆవిరి మంట మీదకు దూకుతుంది. 1803లో గ్రీనిచ్‌లో తన బాయిలరు ఒకటి పేలి మనుషులు చనిపోయిన తరువాత రిచర్డ్ ట్రెవిథిక్ ఈ ఏర్పాటును తెచ్చాడు. అయితే ఆ ప్లగ్గు కరిగే పరిస్థితి వచ్చిందంటే అప్పటికే అక్కడున్న మనిషి తప్పు చేశాడని అర్థం. దాని మీద ఆధారపడి ఎవరూ పని చేయరు.

నిప్పు రాజేయడం

నీరు సరిగా ఉందని తేల్చుకున్న తరువాతే నిప్పు ఆలోచన. ముందు ఫైర్‌బాక్సులోకి దీపం వేసి చూడాలి: నిప్పు పరిచే ఊచలు సరిగ్గా కూర్చున్నాయా, బాయిలరు గుండా వేడి పొగను తీసుకుపోయే గొట్టాల చివరల నుంచి, లెడ్ ప్లగ్గుల నుంచి తడి కారుతోందా, లోపలి ఇటుకల కమాను పడిపోయిందా అన్నవి గమనించాలి. నిన్నటి బూడిద, చిట్టెం అంతా తీసేయాలి. ముందువైపు స్మోక్‌బాక్సులో పేరుకున్న మసి, బొగ్గుపొడి ఎత్తిపోసి, తలుపును గాలి చొరబడకుండా బిగించాలి. అక్కడ గాలి దూరితే నిప్పుకు కావలసిన ఈడ్పు పోతుంది. పొగగొట్టం మీది మూత తీశారో లేదో బయట నిలబడి కళ్లారా చూడాలి. మూత ఉండగానే నిప్పు వెలిగించి, షెడ్డంతా పొగతో నింపిన సందర్భాలు ప్రతి షెడ్డు కథల్లోనూ ఉంటాయి.

ఊచల మీద పలుచగా బొగ్గు పరిచి, మధ్యలో ఎండు కట్టెలు పేర్చి, నూనెలో తడిపిన గుడ్డపేలికలను పార మీద వెలిగించి లోపలికి జారవిడుస్తారు. వెలుగుతున్న నిప్పు మీద కిరోసిను చిమ్మడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కట్టెలు బాగా అంటుకున్న తరువాత పిడికెడు పరిమాణంలో కొట్టిన బొగ్గును కొంచెం కొంచెంగా చుట్టూ వేయాలి.

ఇక్కడి నుంచి ఓపిక కావాలి. నిన్న నడిచి ఇంకా గోరువెచ్చగా ఉన్న చిన్న ఇంజనుకు ఆవిరి తయారు కావడానికి రెండు మూడు గంటలు పడుతుంది, పూర్తిగా చల్లారినదానికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. తొందరపెడితే ఫైర్‌బాక్సు ఒక వేడి దగ్గర, బాయిలరు పొట్ట మరో వేడి దగ్గర ఉండి, లోహం అసమానంగా వ్యాకోచిస్తుంది. ఆ లాగుడంతా గొట్టాల అతుకుల మీద, ఫైర్‌బాక్సును పట్టి ఉంచే వందలాది కడ్డీల మీద పడుతుంది. ఈ ఇంజన్లలో చాలావాటికి వందేళ్లు దాటాయి. బాయిలరు మరమ్మతు ఒక చిన్న సంస్థను ఏళ్ల తరబడి అప్పులో ముంచగలదు. ఉదయం ఒక గంట ముందు లేచి నెమ్మదిగా వేడి చేసే మనిషి, ఆ ఇంజనుకు ఎవరికీ కనిపించని గొప్ప మేలు చేస్తున్నాడు.

ఈ వ్యవధిలోనే శుభ్రం చేసే పని సాగుతుంది. కిరోసిను, నూనె కలిపిన గుడ్డతో చక్రాలు, కడ్డీలు, పెయింటు తుడవాలి. ఇత్తడి మెరుగు పెట్టడం ఆఖరున చేయాలి. తుడిచే పని తక్కువది అనుకునేవారికి నేను చెప్పేది ఒకటే: పగుళ్లు, వదులైన నట్లు, పోయిన చీలలు మొదట కనిపించేది గుడ్డ పట్టుకున్న చేతికే. అదే సమయంలో డ్రైవరు నూనె డబ్బాతో ఇంజను చుట్టూ తిరుగుతాడు. వెంట వెళ్లి ఏ బేరింగుకు ఎంత నూనె పోస్తున్నాడో, ఉన్ని వత్తి నూనెను చుక్క చుక్కగా ఎలా దింపుతుందో, ప్రతి నూనె గిన్నెకు బిరడా తిరిగి ఎలా పెడుతున్నాడో చూడండి. మీరు ఇంజను కిందకు గానీ, కడ్డీల మధ్యకు గానీ వెళ్లవలసివస్తే ముందు డ్రైవరుకు చెప్పాలి, 'కదపరాదు' పలక పెట్టాలి, బయటకు రాగానే మళ్లీ చెప్పాలి.

నా తొలి రోజుల్లో ఒకసారి బాయిలరు మీది ఇత్తడి గోపురం తోముతూ మైమరచి ఉండగా, డ్రైవరు కిందనుంచి నీళ్లు ఎంత ఉన్నాయని అడిగాడు. నేను వెనక్కి తిరిగి గ్లాసు చూసి చెప్పాను. ఆయన కోప్పడలేదు. చూడకుండా చెప్పగలిగిన రోజున నువ్వు ఫైర్‌మన్‌వి అవుతావని మాత్రం అన్నాడు. అప్పటి నుంచి ఏ పనిలో ఉన్నా రెండు నిమిషాలకోసారి గ్లాసు వైపు కళ్లు తిప్పడం అలవాటు చేసుకున్నాను. మీరు కూడా ఈ అలవాటుతోనే మొదలుపెట్టండి.

షెడ్డు దాటే ముందు

పీడనం తగినంత లేచిన తరువాత బాయిలరుకు నీరు ఎక్కించే ఏర్పాట్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తారు. ఇవి తప్పనిసరిగా రెండు ఉంటాయి, ఒకటి మొరాయిస్తే రెండోది ఉండాలి. ఎక్కువగా వాడేది ఇంజెక్టరు. 1858లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ జిఫార్ కనిపెట్టిన ఈ పరికరంలో కదిలే భాగాలు దాదాపు ఉండవు. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి సన్నని శంకువు గుండా అమితవేగంతో దూసుకువచ్చి చల్లని నీటిని తాకి ద్రవంగా మారుతుంది. ఆ వేగమంతా నీటి ధారకు చేరి, అదే బాయిలరు పీడనాన్ని ఎదిరించి లోపలికి చొచ్చుకుపోతుంది. ముందు నీటి వాల్వు, తరువాత ఆవిరి వాల్వు తెరవాలి. ఆపేటప్పుడు ముందు ఆవిరి, తరువాత నీరు. సరిగ్గా అందుకున్నప్పుడు కింది గొట్టం నుంచి కారడం ఆగిపోయి, నిలకడగా ఒక రాగం వినిపిస్తుంది. ట్యాంకులో నీరు వేడెక్కితే ఇంజెక్టరు పట్టు తప్పుతుంది. అప్పుడు కింద ఆవిరి, నీరు చిమ్ముతూ ఉంటాయి. ఆ రాగాన్ని చెవితో గుర్తుపట్టడం నేర్చుకుంటే, కళ్లు పట్టాల మీద ఉన్నా నీరు ఎక్కుతోందో లేదో తెలుస్తుంది.

పెట్టెలకు తగిలించే పనిలో ఒక్కటే గుర్తుంచుకోవాలి. ఇంజను పూర్తిగా ఆగి, డ్రైవరు మిమ్మల్ని చూసి, చేతితో సరేనని చెప్పేవరకు మధ్యలోకి అడుగు పెట్టకూడదు. కొక్కెం తగిలించి, వ్యాక్యూమ్ గొట్టాలు కలిపిన తరువాత డ్రైవరు, గార్డు కలిసి బ్రేకు పరీక్ష చేస్తారు. ఈ బ్రేకు విచిత్రమైనది, మంచిది కూడా: గొట్టంలో శూన్యం ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి, గొట్టం తెగినా, పెట్టె విడిపోయినా గాలి దూరి రైలంతటికీ బ్రేకులు వాటంతటవే పడతాయి. ఒంటిపట్టా మార్గాల్లో ముందున్న భాగంలోకి వెళ్లడానికి అనుమతిగా ఇచ్చే టోకెను చేతికి వచ్చిందని డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరూ చూసి, దాని మీద పేరు చదివిన తరువాతే బండి కదులుతుంది.

దారిలో

బయలుదేరేటప్పుడు డ్రైవరు డ్రెయిన్ కాక్‌లు తెరిచే ఉంచుతాడు. చల్లని సిలిండర్లలో ఆవిరి నీరుగా మారి ఉంటుంది. నీరు ఆవిరిలా నొక్కుకుపోదు కాబట్టి, పిస్టను దాన్ని తోస్తే సిలిండరు మూత పగిలిపోవచ్చు. నీటి విషయంలో పై హద్దు కూడా ఉందని చెప్పడానికి ఇది తగిన చోటు. భయంతో బాయిలరును అతిగా నింపితే నీరు ఆవిరితో పాటు రెగ్యులేటరు గుండా సిలిండర్లలోకి పోయి ఇదే హాని చేస్తుంది. గ్లాసులో సగానికి కొంచెం పైన నీరుంటే సాధారణంగా నిశ్చింతగా ఉండవచ్చు.

బొగ్గు వేయడంలో సూత్రం చాలా పాతది: కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. ఒకేసారి పది పారలు కుమ్మరిస్తే నిప్పు చల్లబడి, మండని వాయువులు నల్లని పొగగా పోతాయి. నాలుగైదు పారలు వేసి, తలుపును కొద్దిసేపు సందు ఉంచి పైనుంచి గాలి అందనిస్తే పొగ పలుచబడుతుంది. పొగగొట్టం నుంచి లేత బూడిదరంగు పొగ సన్నగా వస్తూంటే నిప్పు బాగుందని అర్థం. నల్లగా వస్తే బొగ్గు ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. ఏమీ రాకపోవడం కూడా ఎప్పుడూ మంచిది కాదు; నిప్పు పలుచబడి ఎక్కడో కన్నం పడి ఉండవచ్చు. మంట కళ్లు చెదరగొడుతుంటే పార మొనను తలుపులో తిరగేసి పట్టుకుని చూడండి, నిప్పు పరుపు ఆకారం తెలుస్తుంది. చాలా ఇంజన్లలో తలుపు కింద, వెనుక మూలల్లో మందంగా, ముందుకు పోయేకొద్దీ పలుచగా ఉండేలా వేస్తారు. అయితే ప్రతి ఇంజనుకు తన స్వభావం ఉంటుంది, డ్రైవరు చెప్పిందే పాటించాలి. చిన్న పారతో, ఊగే ఫుట్‌ప్లేటు మీద, ఇరుకులో బొగ్గును మూలకు చేర్చడం భుజబలంతో అయ్యే పని కాదు. పారను తలుపు అంచుకు ఆనించి మణికట్టుతో తిప్పాలి. ఒక కాలు కొంచెం ముందు, ఒకటి వెనుక పెట్టి నిలబడితే పడిపోకుండా ఉంటారు.

మరొక నియమం ప్రాణాలకు సంబంధించినది. సిలిండర్ల నుంచి పొగగొట్టంలోకి పోయే వాడిన ఆవిరే నిప్పును ముందుకు లాగుతూ ఉంటుంది. డ్రైవరు రెగ్యులేటరు మూయగానే ఆ లాగుడు ఆగిపోతుంది. అప్పుడు తలుపు తెరిచి ఉంటే మంట వెనక్కి తిరిగి ఫుట్‌ప్లేటు మీదకు వస్తుంది. అందుకే రెగ్యులేటరు మూయకముందే బ్లోయరు తెరిచి, సన్నని ఆవిరి ధారతో పొగగొట్టంలో ఈడ్పు నిలబెడతారు. సొరంగంలోకి పోయేముందు తలుపు మూసి, బ్లోయరు తెరిచి, మధ్యనుంచి పక్కకు జరిగి నిలబడాలి. డ్రైవరు రెగ్యులేటరు మీద చేయి వేయడం కంటికి ఆనగానే మీ చూపు బ్లోయరు వైపు పోవాలి.

ఎత్తుపల్లాల దగ్గర నీరు కొత్తవారిని మోసం చేస్తుంది. పొగగొట్టం ముందుకు ఉండి ఇంజను ఎత్తు ఎక్కుతున్నప్పుడు బాయిలరులోని నీరు వెనక్కి, అంటే ఫైర్‌బాక్సు వైపు చేరుతుంది. గ్లాసు వెనుకే ఉంది కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. శిఖరం దాటి ముక్కు కిందకు వాలగానే నీరు ముందుకు పోతుంది, గ్లాసులో మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, ఫైర్‌బాక్సు పైకప్పు మీద నీటి పొర పలుచబడుతుంది. పైకి ఎక్కేటప్పుడు గ్లాసు మూడొంతులు ఉందని ఇంజెక్టరు ఆపిన ఫైర్‌మన్, దిగేటప్పుడు అడుగున నాలుగు వేళ్ల నీరు కూడా లేక కంగారు పడతాడు. మార్గం ఎక్కడ వాలుతుందో మైలురాళ్లతో సహా తెలుసుకుని, శిఖరానికి ముందే కావలసిన నీరు ఎక్కించాలి. చల్లని నీరు ఎక్కించేకొద్దీ పీడనం తగ్గుతుంది. కనుక నిప్పును దానికంటే ముందే సిద్ధం చేయాలి, బొగ్గును ఇంకా ముందే వేయాలి. ఫైర్‌మన్ పని అంతా ఇలా ఒక మైలు ముందు బతకడమే. అనేక కొండ మార్గాల్లో ఇంజనును ఎప్పుడూ పొగగొట్టం ఎత్తు వైపు ఉండేలా నిలపడానికి కారణం కూడా ఇదే.

ఒకవేళ రెండు గ్లాసుల్లోనూ నీరు కనిపించకపోతే, లేదా రెండు ఇంజెక్టర్లూ పట్టకపోతే, మీకు అనుమానంగా ఉన్నా సరే ఆ క్షణమే డ్రైవరుకు గట్టిగా చెప్పాలి. అనవసరంగా చెప్పినందుకు మిమ్మల్ని ఎవరూ నిందించరు. నీరు లేదని తేలితే నిప్పును కిందకు లాగివేయాలి. ఎర్రగా కాలిన పైకప్పు మీదకు చల్లని నీరు పంపే ప్రయత్నం చేయకూడదు. ఈ నిర్ణయాలు డ్రైవరువి, మీ పని చూసి చెప్పడం.

మిగిలిన సమయమంతా మీ కళ్లు బయట ఉండాలి. వంపులో మీ వైపు కనిపించే సిగ్నలును డ్రైవరు చూడలేకపోవచ్చు, దాని స్థితిని పైకి చెప్పాలి. పట్టాల మీద పశువులు, దాటుదారిలో మనుషులు కనిపించినా చెప్పాలి. తల బయటకు పెట్టేముందు గోడలు, వంతెనలు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలిసి ఉండాలి. నేరో గేజ్ మార్గాల్లో అవి చేతికందేంత దగ్గరలో ఉంటాయి.

చివరి స్టేషనులో ట్యాంకులు నింపేటప్పుడు గొట్టాన్ని వదలకుండా పట్టుకోవాలి, నిండకముందే నీరు ఆపమని చేయి చూపాలి. ఆ విరామంలో డ్రైవరు బేరింగులను అరచేతి వెనుక భాగంతో తాకి వేడి చూస్తాడు. మీరు ఆ సమయంలో నీరు తాగండి, ఏదైనా తినండి, ప్రయాణికుల పిల్లలు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పండి. ఈ మార్గాలు వారి టిక్కెట్ల మీద, వారి జ్ఞాపకాల మీద నిలబడి ఉన్నాయి.

సాయంత్రం

ఆఖరి ప్రయాణం సగంలో ఉండగానే నిప్పును తగ్గించడం మొదలవుతుంది, షెడ్డు చేరేసరికి అడుగున కాస్త మిగలాలి. రోజంతా బొగ్గు వేసినవారికి ఆపడం కష్టంగా ఉంటుంది, అయినా మిగిలిన నిప్పంతా వృథాయే. బూడిద గుంట మీద ఇంజనును నిలిపి, చేతిబ్రేకు బిగించి, బూడిద తొట్టి ఖాళీ చేస్తారు. ఇది రోజులోకెల్లా మురికిపని, చాలామంది తొందరపడే పని, గాయాలు జరిగే పని. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి, బూడిద మీద నీటిని సన్నగా చల్లాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. ఎర్రని చిట్టెం మీద ఒక్కసారిగా నీరు పోస్తే ఆవిరి, బూడిద కలిసి ముఖం మీదకు ఎగురుతాయి. నిప్పు బాగా తగ్గేవరకు స్మోక్‌బాక్సు తలుపు తెరవకూడదు.

నిప్పు ఇంకా కొంచెం ఉండగానే, ఇంజెక్టరు పనిచేసేంత ఆవిరి మిగిలి ఉండగానే, బాయిలరును గ్లాసు పై భాగం వరకు నింపుతారు. రాత్రంతా చల్లారేకొద్దీ నీరు కుంచించుకుపోయి మట్టం కిందకు దిగుతుంది, ఉదయం వచ్చేవారికి అది గ్లాసులో కనిపించాలి. తరువాత ఉదయం చూసిన నాలుగు విషయాలే మళ్లీ చూడాలి: చేతిబ్రేకు, రివర్సరు, రెగ్యులేటరు, డ్రెయిన్ కాక్‌లు. చక్రాలకు దిమ్మలు పెట్టాలి. నిప్పుకు కింది నుంచి గాలిని వదిలే డాంపర్లు మూయాలి. పొగ పూర్తిగా ఆగిన తరువాత పొగగొట్టం మీద మూత పెట్టాలి, లేకపోతే చల్లని గాలి రాత్రంతా వేడి గొట్టాల గుండా పోతూ, ఉదయం అంత ఓపికగా కాపాడిన అతుకులను మళ్లీ లాగుతుంది.

రోజులో గమనించిన ప్రతి లోపమూ మరమ్మతు పుస్తకంలో రాయాలి. కారుతున్న ఒక చిన్న అతుకు, సరిగా మూసుకోని ఒక కాక్, ఒకసారి మొరాయించి తరువాత పట్టిన ఇంజెక్టరు, ఏదైనా సరే. రేపు ఈ ఇంజను ఎక్కేవారు మిమ్మల్ని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. మీరు రాసిందే వారికి తెలుస్తుంది. రాసిన తరువాత, తొడుగులు తీసేముందు, మరొకసారి ఫుట్‌ప్లేటు ఎక్కి దీపం వెలుగులో గ్లాసు వెనుక చారలు ఎక్కడ వాలు మారుతున్నాయో చూసి, ఆ మట్టాన్ని కూడా పుస్తకంలో రాసి దిగండి.